ఒక్క సెలవు... అయిదు మెట్లు

కొడుకు ఫాదర్ కావడానికి ఊళ్ళో చదువుకుంటున్నాడు. తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. రెండేళ్ళకోసారి దొరికే ఇజాజాను ఏ వేడుకకు దాచుకోవాలి? మిష్రిఫ్‌లో ఒక తెలుగు తల్లి అడిగిన ఈ ప్రశ్నకు జవాబు వెతకబోతే చాలా సంగతులు తెలిశాయి.

మిష్రిఫ్ అనగానే కువైట్‌లోని తెలుగువాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది ఎగ్జిబిషన్ గ్రౌండ్. పుస్తకాల పండగ జరిగేది అక్కడే. కరోనా రోజుల్లో మనలో చాలామంది వరసలో నిలబడి టీకా వేయించుకున్నదీ ఆ హాళ్ళలోనే. ఆ గ్రౌండ్ దాటి లోపలికి వస్తే అన్నీ విల్లాలే. ఆ విల్లాల వంటిళ్ళలో, డ్రైవర్ల గదుల్లో వినిపించే తెలుగు చాలావరకు కడప యాస, లేదంటే గోదావరి యాస.

మేముండేది అలాంటి ఒక విల్లా పై అంతస్తులో. రెండిళ్ళ అవతల పనిచేసే అక్కది రాజంపేట దగ్గర ఒక పల్లె. కూతురి పెళ్ళి అప్పు తీర్చడానికి కువైట్ వచ్చి పదకొండేళ్ళయింది. సాయంత్రం చెత్త వేయడానికి బయటికి వచ్చినప్పుడు మా ఆవిడతో రెండు మాటలు మాట్లాడి వెళుతుంది. ఒకరోజు నన్ను కూడా ఆపి ఫోనులో ఒక ఫొటో చూపించింది. తెల్లటి అంగీ తొడుక్కున్న కుర్రాడు బిషప్ గారి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. బిషప్ గారి చేతిలోని గిన్నెను తన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మీవాడు ఫాదర్ అయిపోయాడా అక్కా? శుభాకాంక్షలు" అన్నాను.

ఆమె నవ్వింది. "ఇంకా యాడ సార్! ఇది ఆకొలైటు. ఇంకా రెండుండాయి. డీకను, ఆ తర్వాత ఫాదరు. అదే సార్ నాకు తెగడంల్యా. ఇజాజా ఒక్కసారే ఇస్తానంటాంది మామా. దేనికి పోవాల?"

నాకు జవాబు తెలియలేదు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటాం. చర్చి సంగతులు నాకు తెలిసింది అంతంత మాత్రమే. ఫాదర్ కావడమంటే చదువు పూర్తి చేసి ఒకరోజు పట్టా పుచ్చుకోవడమే అనుకునేవాణ్ణి. కనుక్కుని చెబుతానని మాటిచ్చాను. మా ఆఫీసులో ఒక మంగుళూరు కాథలిక్ మిత్రుడు ఉన్నాడు. ఆయన్ని అడిగి, ఆయన ఇచ్చిన పుస్తకాలు చదివాక తెలిసిందేమిటంటే, ఆమె అడిగింది నేననుకున్నంత చిన్న ప్రశ్న కాదు.

ఫాదర్ వేరు, పాస్టర్ వేరు

మన ఊళ్ళలో చాలామంది పాస్టర్‌ను, ఫాదర్‌ను ఒకటిగానే చూస్తారు. సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో ఉండేవారు పాస్టర్లు. వారు పెళ్ళి చేసుకుంటారు, పిల్లాపాపలతో ఉంటారు. రోమన్ కాథలిక్ తిరుసభలో ఉండేవారు ఫాదర్లు. తెలుగు కాథలిక్కులు వారిని 'గురువులు' అంటారు. గురువు కావడానికి చదివే కుర్రాడు గురువిద్యార్థి, చదివే చోటు గురువిద్యాలయం, అంటే సెమినరీ. చివరికి జరిగే వేడుక గురుపట్టాభిషేకం. మన దగ్గర కాథలిక్ గురువు పెళ్ళి చేసుకోడు. కువైట్‌లో అరబ్బు కుటుంబాలు వెళ్ళే తూర్పు సంప్రదాయపు గుడిలో భార్యాబిడ్డలున్న కాథలిక్ గురువు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. మారోనైట్, మెల్కైట్ లాంటి తూర్పు సభల్లో పెళ్ళయినవారికి కూడా గురుపట్టం ఇచ్చే ఆచారం ఉంది.

మనకు తెలిసిన పెద్ద ఉదాహరణ కార్డినల్ పూల ఆంథోని గారు. కర్నూలు జిల్లా చిందుకూరులో 1961 నవంబరు 15న పుట్టారు. బెంగళూరులోని సెయింట్ పీటర్స్ సెమినరీలో చదివారు. 1992 ఫిబ్రవరి 20న కడప మేత్రాసనానికి గురువయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు. 2008లో కర్నూలు బిషప్ అయ్యారు. 2020లో హైదరాబాద్ ఆర్చిబిషప్‌గా నియమితులయ్యారు. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆ హోదా పొందిన మొదటి వ్యక్తి ఆయనే, దళితుల్లోనూ ఆయనే మొదటివారు. 2025 మే నెలలో పద్నాలుగో లియో పోప్‌ను ఎన్నుకున్న సభలో ఓటు వేసిన నలుగురు భారతీయుల్లో ఆయన ఒకరు.

పేపర్లలో మనకు కనిపించేది ఆ ఎర్ర టోపీ. ముప్పై ఏళ్ళ వయసులో గురుపట్టం అందుకునే దాకా సాగిన చదువులు, అడుగడుగునా దాటిన మెట్లు మాత్రం వార్తల్లోకి రావు. ఇంకో సంగతి ఏమిటంటే కార్డినల్ అనేది పట్టాభిషేకం కాదు, ఒక హోదా. తిరుసభలో పట్టాభిషేకాలు మూడే: డీకన్, గురువు, బిషప్. ఆ మూడింటిలో మొదటిది అందుకోవడానికి ముందే గురువిద్యార్థి మూడు మెట్లెక్కాలి.

మొదటి మెట్టు: చేతిరాతతో ఒక ఉత్తరం

సెమినరీలో చేరగానే ఎవరూ తిరుసభ దృష్టిలో అభ్యర్థి అయిపోరు. కొత్తగా చేరినవారికి ముందు సన్నాహక కాలం ఉంటుంది. ఆ తర్వాత ఫిలాసఫీ, దాని తర్వాత థియాలజీ. ఈ రెండూ కలిసి ఆరేళ్ళకు తక్కువ కాకూడదని 1983 నాటి తిరుసభ చట్టం చెబుతుంది. అందులో కనీసం రెండేళ్ళు ఫిలాసఫీకి, నాలుగేళ్ళు థియాలజీకి పోతాయి. మధ్యలో ఒక ఏడాది విచారణల్లో, బడుల్లో పనిచేయిస్తారు. చిన్నప్పుడే మైనర్ సెమినరీలో చేరినవాళ్ళకు అంతా కలిపి పన్నెండు, పదమూడేళ్ళు పట్టడం మామూలే.

ఈ ప్రయాణంలో ఒక దశకు వచ్చాక విద్యార్థి తన చేతిరాతతో ఒక అర్జీ రాసి సంతకం పెట్టాలి. 'నేను గురువును కావాలనుకుంటున్నాను, నన్ను అభ్యర్థిగా స్వీకరించండి' అన్నది దాని సారాంశం. పై అధికారి దాన్ని రాతపూర్వకంగానే అంగీకరించాలి. ఆ తర్వాత గుడిలో అందరి ముందు అతని పేరు పిలుస్తారు. అతను లేచి నిలబడి తన ఉద్దేశం చెబుతాడు. అభ్యర్థిత్వం అంటే ఇదే.

కంప్యూటరులో టైపు చేసిన ఫారం మీద సంతకం పెడితే పోయేదానికి చేతిరాత ఎందుకని నా మిత్రుణ్ణి అడిగాను. "ఫారంలో ఎవరో రాసిన మాట ఉంటుంది. చేత్తో రాయాలంటే ప్రతి మాటా మన మనసులోంచి పోవాలి కదా" అన్నాడు.

రెండో మెట్టు: గ్రంథం చేతికి

రెండోది లెక్టర్, అంటే పఠన సేవ. బిషప్ గారు బైబిలు గ్రంథాన్ని విద్యార్థి చేతిలో పెడతారు. ఆనాటి నుంచి దివ్యబలిపూజలో గ్రంథ పఠనాలు చదవడం, ఊళ్ళలో జనానికి వాటిని విడమరచి చెప్పడం, జ్ఞానస్నానం లాంటివాటికి సిద్ధమయ్యేవారికి నేర్పడం అతని బాధ్యత. సువిశేషం మాత్రం అతను చదవడు. అది డీకన్ లేదా గురువు చదవాలి.

కువైట్‌లో శుక్రవారం పూజకు వెళ్ళేవారు 'మా గుడిలో మామూలు ఉద్యోగస్తులే చదువుతారు కదా' అనవచ్చు. నిజమే. ఆ పూటకు చదవడానికి ఎవరినైనా పిలవచ్చు. బిషప్ చేతుల మీదుగా స్థిరంగా ఆ సేవ అప్పగించడం వేరు.

మూడో మెట్టు: గిన్నె చేతికి

మా అక్క ఫోనులో నేను చూసిన ఫొటో ఈ మెట్టుది. దీన్ని ఆకొలైట్ అంటారు. రొట్టె ఉన్న పాత్రనో ద్రాక్షారసం ఉన్న పాత్రనో బిషప్ గారు అభ్యర్థికి అందిస్తారు. పీఠం దగ్గర డీకన్‌కు, గురువుకు సాయం చేయడం అతని పని. జనం ఎక్కువగా ఉన్నప్పుడు దివ్యసత్ప్రసాదం పంచుతాడు. మంచం పట్టిన రోగుల ఇళ్ళకు తీసుకెళ్ళి ఇస్తాడు.

ఈ రెండు సేవలకూ పాత చరిత్ర ఉంది. ఒకప్పుడు గురుపట్టానికి ముందు మెట్లు ఇంకా ఎక్కువ. మొదట తల మీద కొంచెం జుట్టు కత్తిరించేవారు. తర్వాత గుడి ద్వారపాలకుడు, పాఠకుడు, దయ్యాలు వెళ్ళగొట్టేవాడు, పీఠ సహాయకుడు అని నాలుగు చిన్న పట్టాలు. ఆ పైన ఉపడీకన్, డీకన్, గురువు. ఆరో పౌలు పోప్ 1972 ఆగస్టు 15న ఇచ్చిన ఆదేశంతో ఇందులో చాలావాటిని తీసేశారు. పాఠకుడు, పీఠ సహాయకుడు మాత్రం మిగిలారు. అవి కూడా 'పట్టాలు' కావు, 'సేవలు' మాత్రమే అన్నారు. గురువులు కాబోని మామూలు మగవారికి కూడా ఇవ్వవచ్చన్నారు. 2021 జనవరిలో ఫ్రాన్సిస్ పోప్ ఆ తలుపును స్త్రీలకూ తెరిచారు. అదే ఏడాది మే నెలలో మన ఊళ్ళలోని ఉపదేశుల పనిని కూడా ఒక సేవగా గుర్తించారు. ఫాదర్ నెలకోసారి వచ్చే పల్లెల్లో గుడిని నిలబెట్టింది ఆ ఉపదేశులేనని పాతతరం కాథలిక్కులు ఇప్పటికీ చెబుతారు.

ఇక్కడి దాకా తలుపు తెరిచే ఉంటుంది

అసలు విషయం ఇక్కడుంది. అభ్యర్థి, లెక్టర్, ఆకొలైట్. ఈ మూడు మెట్లూ ఎక్కినా ఆ కుర్రాడు తిరుసభ లెక్కలో మన లాంటి మామూలు మనిషే. అతను ఇంటికి వెళ్ళిపోవచ్చు. పెళ్ళి చేసుకోవచ్చు. ఉద్యోగం చూసుకోవచ్చు. తప్పు చేసినట్టు కాదు, మాట తప్పినట్టూ కాదు. ఏళ్ళ తరబడి మెట్టు తర్వాత మెట్టు పెట్టడంలో ఉద్దేశమే అది. ప్రతి మెట్టు దగ్గరా సంస్థ అతణ్ణి చూస్తుంది, అతను తనను తాను చూసుకుంటాడు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే అక్కడి దాకా చేసిన ప్రతి మార్పునూ వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాత వచ్చేది రోల్‌బ్యాక్ లేని రిలీజు.

నాలుగో మెట్టు: నేల మీద బోర్లా

ఆ రోల్‌బ్యాక్ లేని మెట్టు డీకన్ పట్టం. ఆకొలైట్ అయిన తర్వాత కనీసం ఆరు నెలలు గడవాలి. గురువు కాబోయేవాడైతే 23 ఏళ్ళు నిండాలి. చదువులో అయిదో ఏడాది పూర్తి కావాలి. ఇక్కడ మళ్ళీ చేతిరాత ఉంది. 'ఈ పట్టాన్ని నా ఇష్టంతో, స్వేచ్ఛగా తీసుకుంటున్నాను, బతుకంతా ఈ పనికే ఇస్తాను' అని తన చేత్తో రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. చదువు చెప్పినవారి అభిప్రాయం తీసుకుంటారు. సొంత విచారణలో కూడా విచారిస్తారు. అవసరమైతే గుడిలో అతని పేరు చదివి, అడ్డంకులేమైనా తెలిస్తే చెప్పమని జనాన్ని అడుగుతారు. పెళ్ళికి ముందు పేర్లు చదివినట్టే.

పట్టాభిషేకం రోజున పేరు పిలుస్తారు. 'ఉన్నాను' అని ముందుకొస్తాడు. బిషప్ గారు ఒక్కొక్కటిగా ప్రశ్నలు అడుగుతారు. జీవితాంతం బ్రహ్మచర్యం పాటిస్తానని అతను అందరి ముందు మాట ఇచ్చేది ఇక్కడే. గురుపట్టం రోజున కాదు. తన రెండు చేతులు బిషప్ గారి చేతుల్లో పెట్టి విధేయతకు మాట ఇస్తాడు. తర్వాత పీఠం ముందు నేల మీద బోర్లా పడుకుంటాడు. గుడి మొత్తం పునీతుల పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తూ ప్రార్థిస్తుంది. లేచి మోకరిల్లాక బిషప్ గారు ఏమీ మాట్లాడకుండా అతని తల మీద చేతులు ఉంచుతారు. ఆ మౌనం, ఆ తర్వాత వచ్చే ప్రార్థన, ఈ రెండూ కలిసే పట్టాభిషేకం. తర్వాత ఎడమ భుజం మీదుగా అడ్డంగా పట్టీ వేస్తారు. సువిశేష గ్రంథం చేతికిస్తారు.

ఆనాటి నుంచి అతను మామూలు విశ్వాసుల వరసలోంచి గురువర్గంలోకి వచ్చినట్టు. ఒక మేత్రాసనానికో, ఒక సభకో చెందినవాడవుతాడు. సువిశేషం చదువుతాడు, ప్రసంగం చేస్తాడు. జ్ఞానస్నానం ఇస్తాడు, పెళ్ళి జరిపిస్తాడు, చనిపోయినవారిని సాగనంపుతాడు. దివ్యబలిపూజ మాత్రం అర్పించలేడు. పాపసంకీర్తనం విని క్షమాపణ ఇవ్వలేడు. రోగులకు తైలం పూసే అభ్యంగనం ఇవ్వలేడు. వాటికి గురువే కావాలి.

తర్వాత మనసు మారితే? రోమ్ నుంచి అనుమతి తెచ్చుకుని గురువర్గం బాధ్యతల్లోంచి బయటికి రావచ్చు. బ్రహ్మచర్యపు మాట నుంచి విడుదల కూడా పోప్ ఇవ్వాల్సిందే. అది సులువైన పని కాదు. అప్పుడు కూడా ఇచ్చిన పట్టం చెరిగిపోయిందని తిరుసభ అనదు.

అయిదో మెట్టు: ఊరంతా చూసే రోజు

డీకన్ అయిన తర్వాత మళ్ళీ కనీసం ఆరు నెలలు ఆగాలి. 25 ఏళ్ళు నిండాలి. అప్పుడు గురుపట్టాభిషేకం. ఆ వేడుక గొప్పగా ఉంటుంది. బిషప్ గారు తల మీద చేతులు ఉంచాక, అక్కడికి వచ్చిన గురువులందరూ వరసగా వచ్చి తామూ చేతులు ఉంచుతారు. కొత్త గురువుకు పూజ వస్త్రం తొడుగుతారు. అరచేతులకు పరిమళ తైలం పూస్తారు. రొట్టె పళ్ళెం, రసపాత్ర చేతికిస్తారు. ఆ చేతులకు కట్టిన గుడ్డను తల్లికి ఇవ్వడం కొన్ని దేశాల్లో ఆచారం.

మన పల్లెల్లో ఆ తర్వాత సొంత ఊళ్ళో మొదటి పూజ జరుగుతుంది. బ్యాండు మేళం, పూలదండలు, ఊరేగింపు, భోజనాలు. కొత్త గురువు అరచేతులను ముద్దుపెట్టుకోవడానికి జనం బారులు తీరతారు. గల్ఫ్ నుంచి డబ్బు పంపినవారి పేర్లు ఫ్లెక్సీల మీద కనిపించేది కూడా ఆ రోజే.

పిలుపుల్లో తేడా కూడా తెలుసుకుంటే మంచిది. సెమినరీలో చదివేటప్పుడు 'బ్రదర్' అంటారు. డీకన్ అయినవారిని పేరు ముందు 'డీకన్' అని రాస్తారు. గురుపట్టం తర్వాతే 'ఫాదర్'. ముందుగానే ఫాదర్ అని పిలిస్తే మన సంతోషం మనది గానీ, పిలిపించుకునేవాడికి కొంచెం ఇబ్బందే.

"వాడి మొగం చూడాల సార్"

ఇదంతా కాగితం మీద రాసుకుని ఒక శుక్రవారం మా ఇంటికి పిలిచి మా అక్కకు చెప్పాను. ఊరంతా వచ్చేది, ఫొటోలు, వీడియోలు ఎక్కువగా ఉండేది గురుపట్టానికే కాబట్టి దానికే వెళ్ళమని సలహా ఇచ్చాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మా ఆవిడ ఇచ్చిన టీ చల్లారిపోయింది.

"ఒక్కడే కొడుకు సార్. మనవణ్ణి ఎత్తుకోవాలని నాకూ ఉంటది గదా. వాడు పోతానంటే నేనే పంపించినా. మా ఊర్లో ఇంగొక పిల్లోడు ఫిలాసఫీ అయినాక ఇంటికొచ్చేసినాడు. వాళ్ళమ్మ రెండేండ్లు గుడికి రాల్యా, సిగ్గుతో. ఆ పిల్లోడు ఇప్పుడు బళ్ళో అయ్యవారు. బంగారట్లా ఉండాడు. అయినా నోళ్ళు మూతపడలే" అంది.

కాసేపాగి అసలు మాట చెప్పింది. "నన్ను మా ఊర్లో అప్పుడే ఫాదరమ్మా అని పిలుస్తాండారు. నేను ఈడ కష్టపడతాండానని, అందరూ ఇట్లా అనుకుంటాండారని, వాడు లోపల వద్దనుకుంటా బయటికి ఊ అంటాండాడేమో. ఫోన్లో తెలీదు సార్. వాడి మొగం చూస్తే నాకు తెలుస్తాది. ఆ మాట ఇయ్యకముందే చూడాల."

అప్పటిదాకా నాకు తట్టని సంగతి అది. ఆ మాట చుట్టూనే తిరుసభ చట్టంలో ఒక నిబంధన ఉంది. ఏ కారణంతోనైనా, ఏ విధంగానైనా ఎవరినీ పట్టం తీసుకోమని బలవంతపెట్టకూడదు. అర్హత ఉన్నవాణ్ణి తీసుకోవద్దని అడ్డుకోనూకూడదు. చట్టం రాసినవారు ఏ తల్లిదండ్రులను తలచుకుని రాశారో తెలియదు గానీ, రెండు వైపులా తూచి రాశారు. బలవంతమంటే కొట్టి చేయించడమే కాదు. ఊరి ఆశ, ఇంటి అప్పు, తల్లి చెమట కూడా కుర్రాడి నోరు నొక్కేయగలవు.

కొడుకుతో వీడియో కాల్‌లో ఆమె ఈ సంగతే అడిగిందట. అతను ఎక్కువ మాట్లాడలేదు. "ఫాదరయ్యే రోజు ఊరంతా వస్తారు మా. డీకన్ రోజు నువ్వు రా, చాలు" అన్నాడట.

సెలవు దొరికింది ఇలా

ఇక సెలవు. మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. కువైట్‌లో ఇంటిపనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం వారానికో రోజు విశ్రాంతి, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు వారి హక్కు. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు. కానీ చాలా ఇళ్ళలో వాడుక వేరు. రెండేళ్ళ కాంట్రాక్టు పూర్తయితే ఒకసారి టికెట్టు, ఒకసారి ఇజాజా. అంతకు మించి అడగడానికి మనవాళ్ళకు భయం.

మా అక్క చట్టం గురించి మాట్లాడలేదు. మామాకు ఫొటోలు చూపించి, చేతులతో, వచ్చీరాని అరబ్బీతో చెప్పింది. కొడుకు దేవుడి పనికి పోతున్నాడని, ఆ రోజు మాట ఇస్తాడని. ఆ ఇంటి పెద్దావిడ మొదట 'పెళ్ళా?' అని అడిగిందట. 'పెళ్ళి లేదు, ఎప్పటికీ లేదు, అదే ఆ రోజు చెప్పేది' అంటే ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, "అయితే నువ్వు వెళ్ళాలి" అందట. ఇరవై రోజులకు సెలవు దొరికింది.

తిరిగి వచ్చాక

ఆమె తిరిగొచ్చిన వారానికి మాకు మామిడికాయ పచ్చడి, కజ్జికాయలు తెచ్చింది. ఫోనులో వీడియో చూపించింది. కొడుకు తెల్లటి వస్త్రాల్లో నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. చుట్టూ జనం పాడుతున్నారు.

"అప్పుడు ఏడ్చావా అక్కా?" అని మా ఆవిడ అడిగింది.

"అప్పుడు కాదు చెల్లెమ్మా, ముందురోజు రాత్రి" అంది. ఆ రాత్రి కొడుకును బయటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుందట. "నాయనా, రేప్పొద్దున వద్దనిపిస్తే ఇప్పుడే చెప్పు. ఎవురేమన్నా నేను చూసుకుంటా. టికెట్టు డబ్బులు పోయినా పర్వాల్యా" అని చెప్పిందట. వాడు కాసేపు తల వంచుకుని కూర్చున్నాడట. తర్వాత, "నీ కోసరం కాదు మా, నా కోసరమే పోతాండా" అన్నాడట.

"మొగం చూసినా సార్. నిజమే చెప్పినాడు" అంది నాతో.

ఆ మాట విన్నాక నా సలహా గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. నేను వేడుకలను పోల్చి చూశాను. ఆమె కొడుకు మనసును చూసింది.

మన పిల్లల మెట్లు కూడా

విదేశాల్లో ఉన్న మన ఇళ్ళలో సెమినరీకి పంపేవారు తక్కువే ఉండవచ్చు. కానీ మెట్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. మెడిసిన్ కోచింగు, ఎమ్మెస్ అడ్మిషను, కుదిర్చిన సంబంధం, కొన్న ఇల్లు. ప్రతిదానికీ ముందు ఎక్కడో ఒకచోట, పిల్లలు వెనక్కి రాగలిగిన చివరి మెట్టు ఒకటి ఉంటుంది. మనం మాత్రం ఆ తర్వాత జరిగే ఊరేగింపుకే టికెట్లు కొనుక్కుంటాం. ఆ చివరి మెట్టు దగ్గర పక్కన కూర్చుని 'నిజంగా కావాలా? వద్దంటే నేనున్నాను' అని ఎంతమందిమి అడిగాం? ఎన్నో ఏళ్ళ అనుభవమున్న తిరుసభ ఒక కుర్రాణ్ణి రెండుసార్లు చేతిరాతతో రాయించి, ఏళ్ళ తరబడి ఆపి ఆపి అడుగుతుంది. మనం ఒక్కసారైనా అడగవచ్చు కదా.

అలాగే, మధ్యలో వెనక్కి వచ్చినవారి విషయం. సెమినరీ నుంచి వచ్చేసిన కుర్రాడు ఓడిపోయి రాలేదు. ఆ మెట్లు ఉన్నది అందుకే. గురుపట్టం లేకపోయినా మనిషి విలువ తగ్గదని తెలుగు కాథలిక్కులకు ఒకరు చెప్పనక్కర్లేదు. విజయవాడ దగ్గర పెదావుటపల్లిలో 1945 జనవరి 15న కన్నుమూసిన జోసఫ్ తంబి గారు గురువు కాదు. ఆయన సమాధి దగ్గరికి మాత్రం ఇప్పటికీ జనం వెళుతూనే ఉన్నారు.

మా అక్క కొడుకు గురుపట్టాభిషేకం కొన్ని నెలల్లో ఉంది. ఆమెకు ఇక సెలవు లేదు. ఆ రోజు ఇక్కడ పని రోజు. లైవ్ పెడతామని ఊరివాళ్ళు చెప్పారట. మామా వంటింట్లో కుర్చీ వేసి, పిల్లలను అటు రానివ్వనని మాట ఇచ్చిందట. మా ఇంటికి వచ్చి పెద్ద టీవీలో చూడమని మా ఆవిడ అడిగింది.

"వస్తాలే చెల్లెమ్మా, వదిలితే" అంది. బాధగా ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"చూడాల్సింది చూసొచ్చినా. ఇంగ పండగ ఊరోళ్ళు చేసుకోనీలే" అంటూ చెత్త సంచి తీసుకుని విల్లా వైపు వెళ్ళిపోయింది.